గార్డుగారి పాచిక

గార్డుగారు పొద్దున తొమ్మిదింటికి ఆట మొదలుపెట్టారు. పది కాకముందే పక్కన ఒక తెల్లకాగితం పెట్టుకుని పెన్సిలుతో గీతలు గీయసాగారు. తెర మీద పాచిక దొర్లి ఆగిన ప్రతిసారీ ఒక గీత. పని అయితే నిలువుగీత, తప్పితే అడ్డగీత. పక్క కుర్చీలో కూర్చుని నేనూ ఆ గీతలు లెక్కపెడుతున్నాను. ఆ కాగితం నిండేకొద్దీ నేను చేసిన పని బయటపడుతుంది. ఆ సంగతి గదిలో నాకొక్కదానికే తెలుసు.

మాది తొమ్మిదిమంది పనిచేసే చిన్న వీడియో గేముల కంపెనీ. మేం చేస్తున్న ఆట అసలు గార్డుగారిది. ఆయన ముప్ఫై ఏళ్ళు రైలు గార్డుగా చేశారు. తిరుగు బండి వచ్చేదాకా రన్నింగ్ రూమనే విశ్రాంతి గదిలో ఊరికే కూర్చోలేక, తోటి గార్డులనీ డ్రైవర్లనీ బల్ల చుట్టూ చేర్చి ఆడించిన కథల ఆట అది. ఒకరు సూత్రధారిగా కథ నడుపుతారు. మిగతావాళ్ళు ఆ కథలో మనుషులు. "నేను గోడ ఎక్కుతా" అని ఒకరంటే ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి. పడిన అంకెను బట్టి ఎక్కాడో జారిపడ్డాడో సూత్రధారి చెప్తాడు. రిటైరయ్యాక ఆయన ఆ రూల్సన్నీ రెండువందల పేజీల పుస్తకంగా వేశారు.

ఆ పుస్తకాన్ని వీడియో గేముగా మార్చడానికి మా బాసు ఆయనతో ఒప్పందం చేసుకున్నాడు. అందులో ఒక షరతుంది. ఆట పూర్తయ్యాక గార్డుగారు ఒక రోజు ఆడి చూస్తారు, ఒప్పుకుంటే సంతకం పెడతారు. పెట్టకపోతే ఆట బయటికి రాదు. గడువు ఆ రోజు సాయంత్రం ఐదు గంటలు. సంతకం లేకపోతే మా రెండేళ్ళ పనీ, దాంతోపాటు మా కంపెనీ, గంగలో కలిసినట్టే.

పుస్తకంలోని రూల్సును కంప్యూటరుకు ఎక్కించింది నేను. మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్ళిన మొదటిదాన్ని నేనే. నాన్న కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. నాకు ఉద్యోగం వచ్చిన రోజు ఆయన చెప్పింది ఒకటే, చెప్పిన పని చెప్పినట్టు చెయ్యి, ఎవరిచేతా మాట పడకు అని. అందుకే పుస్తకాన్ని పేజీ పేజీ, లైను లైను కోడులోకి దించాను. ఒక్క మొదటి రూలు దగ్గర మాత్రం తప్పాను. ఆ రూలు ఇది: పాచిక అందరి కళ్ళముందే పడాలి, పడిన అంకెను ఎవరూ మార్చకూడదు.

పొద్దున అంతా బాగానే గడిచింది. మోత లెక్క దగ్గర గార్డుగారు ముసిముసిగా నవ్వారు. ఎవరు ఎంత బరువు మోస్తే ఎంత నెమ్మదిస్తారన్నది పుస్తకంలో పదకొండు పేజీలు. బల్ల దగ్గర దాన్ని ఒక్కరు కూడా పట్టించుకోలేదట, లెక్క తేలేసరికి బండి వచ్చేసేదట. మా ఆటలో అది రెప్పపాటులో అయిపోతుంది. చీకట్లో ఎంత దూరం కనిపిస్తుందో, వానలో బాణం ఎంత పక్కకి పోతుందో, అన్నీ అంతే. "నా రూలు నేనే మొదటిసారి సరిగ్గా ఆడుతున్నా" అన్నారాయన. మా బాసు నాకేసి చూసి కళ్ళెగరేశాడు.

ముళ్ళగోడ దగ్గర మాత్రం ఆయన చెయ్యి ఆగింది. ఒంటిమీది కోటు తీసి ముళ్ళ మీద పరిచి దాటాలనుకున్నారు. అలాంటి వీలు మేం పెట్టలేదు. ఎక్కడం, చుట్టూ తిరిగి వెళ్ళడం, వెనక్కి పోవడం, ఈ మూడే ఉన్నాయి. బల్ల దగ్గరైతే కోటుకు సరేననేవాణ్ణి, చిరిగిన కోటుతో మిగతా కథంతా చలికి వణికించేవాణ్ణి అన్నారు. అయినా యంత్రానికి అంత తోచదులే అని తనే సర్దుకుని చుట్టూ తిరిగి వెళ్ళారు. మా బాసు ఊపిరి వదిలాడు. నేను వదల్లేదు. గీతలు ఆగలేదుగా.

నేను చేసిన తప్పు ఇది. రెండు నెలల కిందట ఆటను ఇంటికి తీసుకెళ్ళి నాన్నతో ఆడించాను. కత్తియుద్ధంలో ఆయనకు వరసగా ఐదుసార్లు తప్పింది. లెక్క ప్రకారం అది జరిగేదే, పాచికకు నాన్న అని తెలియదు కదా. ఆయన మాత్రం మౌస్ వదిలేసి, "దీనికి నేనంటే పడదే" అని లేచిపోయాడు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. మర్నాడు ఆఫీసుకొచ్చి ఎవరికీ చెప్పకుండా నాలుగు లైన్లు రాశాను. మూడుసార్లు వరసగా తప్పితే, నాలుగోసారి పాచిక తక్కువ పడ్డా తెర మీద చాలినంత అంకె చూపించమని. ఆ వారం నుంచి ఆడిచూసిన వాళ్ళంతా ఆట ఇప్పుడు కుదిరింది అన్నారు. ఎందుకు కుదిరిందో బాసు అడగలేదు, నేను చెప్పలేదు.

పన్నెండున్నరకు గార్డుగారు మౌస్ పక్కన పెట్టి కాగితం మా ముందుకు జరిపారు.

"మూడు అడ్డగీతలు వరసగా వచ్చిన చోటల్లా సున్నా చుట్టాను. ఇరవైరెండు ఉన్నాయి. ఇరవైరెండింటికీ తర్వాతది నిలువుగీతే. ఒక్కటి తప్పలేదు."

బాసు నవ్వబోయాడు. మీ చెయ్యి మంచిది సార్, అదృష్టం అన్నాడు.

"నా చెయ్యి సంగతి మా ఆవిడనడుగు" అన్నారు గార్డుగారు. ఆయన బాసును చూడటం లేదు. నన్ను చూస్తున్నారు. "రూల్సు రాసింది నువ్వేగా, అమ్మాయ్. నాలుగోది ఎందుకు తప్పట్లేదు?"

అదృష్టమే అనుంటే ఏమయ్యేదో తెలియదు. నాలుగు లైన్ల సంగతి చెప్పాను, నాన్న సంగతి కూడా చెప్పాను. బాసు ముఖం తెల్లబోయింది. ఇప్పుడే తీయిస్తాను, పది నిమిషాలు చాలు అన్నాడు. తీసేస్తే వాళ్ళ నాన్న మళ్ళీ లేచిపోతాడుగా అన్నారు గార్డుగారు. ఆయన గొంతులో కోపం లేదు. దాంతో నాకు ఇంకా భయమేసింది.

చొక్కా జేబులోంచి రుమాలు తీసి ముడి విప్పారు. అందులో రెండు పాచికలు, ఒకటి తెల్లది, ఒకటి అంచులరిగిన గోధుమరంగుది. తెల్లది నా ముందు పెట్టారు. నువ్వొక తాళాలు తీసే మనిషివి, ఎదురుగా ఇనుపతలుపు, పదిహేను పడాలి, వెయ్యి అన్నారు. వేశాను. నాలుగు. మళ్ళీ వేశాను. పదకొండు. మూడోసారి రెండు పడ్డాక నేను పాచికను ఊరికే వేళ్ళతో తిప్పుతూ కూర్చున్నాను. ఆయన కాసేపు నా ముఖంలోకి చూశారు. అప్పుడు గోధుమరంగు పాచికను అరచేతిలో పెట్టి నా వైపు చాపారు.

"ఇది నాది. తీసుకుంటే ఎంత పడ్డా తలుపు తెరుచుకుంటుంది. కానీ బదులుగా నీ సంచీలోది ఒకటి నేనడిగింది ఇచ్చెయ్యాలి. వద్దంటే నీదానితోనే వేసుకో. నీ ఇష్టం."

తీసుకున్నాను. తలుపు తెరుచుకుంది. బదులుగా నా దీపం పోయింది. చేతిలో దీపం లేకుండా ఆ చీకటి గదిలోకి ఎలా పోవాలా అని అప్పటికే ఆలోచిస్తున్నాను. పక్కన సంతకం కాగితం ఉన్న సంగతి ఒక క్షణం మరిచేపోయాను.

"ఇది పుస్తకంలో లేదండీ" అన్నాను.

"రాయడానికి అదేమన్నా రూలా? మర్యాద. మూడుసార్లు బోర్లాపడ్డవాడికి చెయ్యివ్వమని ఎవరన్నా పుస్తకంలో రాస్తారా?"

పుస్తకం రెండువందల పేజీలూ నాకు కంఠతా వచ్చు. ఆయన బల్ల దగ్గర ఒక్కరోజు కూడా కూర్చోలేదు. మా ఆఫీసులో ఎవరూ కూర్చోలేదు. ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు. నేను దొంగచాటుగా చేసింది ఆయన అందరి ముందూ చేస్తున్నారు, అదీ ధర చెప్పి, వద్దనే వీలిచ్చి.

ఐదింటిలోగా ఇది పెట్టగలవా అని బాసు అడిగాడు. పెడతానన్నాను. గోధుమరంగు పాచిక నా చేతిలోనే ఉండిపోయింది. దాన్ని ఎడంచేతి గుప్పిట్లో పెట్టుకునే మెషీను ముందు కూర్చున్నాను. బొమ్మలు గీసే అతను ఒక చెయ్యి బొమ్మ గీసిచ్చాడు. మూడుసార్లు తప్పితే తెర అంచు నుంచి ఆ చెయ్యి వస్తుంది, అరచేతిలో పాచిక ఉంటుంది. కింద రెండే మాటలు: తీసుకుంటాను, వద్దు. అన్నం డబ్బా మూత కూడా తీయలేదు. కత్తియుద్ధంలోని ఆ నాలుగు లైన్లు కొట్టేశాను. నాలుగు గంటల ఐదు నిమిషాలకు గార్డుగారు మళ్ళీ కూర్చున్నారు. కొత్త కాగితం, కొత్తగా చెక్కిన పెన్సిలు.

కథలోని కోటలోకి దిగి యుద్ధం చేశారు. మూడుసార్లు తప్పింది, చెయ్యి వచ్చింది. ఆయన తీసుకున్నారు, గెలిచారు, బదులుగా తాడు పోయింది. తాడు లేక బావిలోకి దిగలేక, చుట్టూ తిరిగి వంటగదిలోంచి వెళ్ళాల్సి వచ్చింది. దారిపొడుగునా తాడును తిట్టుకుంటూనే ఉన్నారు. అది మంచి గుర్తని బాసు నాకు సైగ చేశాడు. నాలుగున్నరకు ఆటలోని ఇనుపతలుపు చేరారు. పదిహేను పడాలి. నాలుగోసారి కూడా తప్పితే గంట మోగుతుంది, కాపలావాళ్ళు వచ్చి పడతారు, కథ ముగుస్తుంది.

మొదటిసారి తప్పింది. రెండోసారి తప్పింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు.

ఆ నాలుగు లైన్లను నేను రెండుచోట్ల రాశాను. యుద్ధంలో ఒకసారి. తర్వాత వాటినే తాళాల దగ్గర అతికించాను. యుద్ధంలోవి తీశాను. తాళాలవి తీయలేదు.

గార్డుగారి సంగతి ఈపాటికి నాకు అర్థమైంది, తాడు పోగొట్టుకున్న మనిషి, చెయ్యి వస్తే ఈసారి వద్దంటారు, సొంత పాచికే వేస్తారు. ఆ పాచిక అబద్ధమాడుతుంది. ఎంత పడ్డా పదిహేను దాటి చూపిస్తుంది. తలుపు తెరుచుకుంటుంది, ఆయన మురిసిపోతారు, సంతకం పెడతారు. తాళాలు ఆటలో ఇంకెక్కడా ఇంత గట్టివి లేవు. రేపు తీరిగ్గా తీసేసుకోవచ్చు. ఎవరికీ తెలియదు. గోడ మీద గడియారం నాలుగు ముప్ఫైనాలుగు చూపిస్తోంది. గార్డుగారి వేలు మౌస్ మీద ఉంది.

"ఆగండి" అన్నాను.

బాసు బల్ల కింద నా కాలు తొక్కాడు. బాగా గట్టిగానే తొక్కాడు. నేను బాసును చూడకుండా, తాళాల దగ్గర పాత లైన్లు ఉండిపోయాయని గార్డుగారికి చెప్పాను.

ఆయన పెన్సిలు కింద పెట్టారు. "నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదా?"

"తెలిసేది కాదండీ."

"ఎంతసేపు పడుతుంది?"

"పది నిమిషాలు."

"కానియ్. నేనెక్కడికీ పోను."

తొందరలో రెండుసార్లు తప్పు అక్షరాలు కొట్టాను. కోడంతా వెతికాను, ఇంకెక్కడా లేవు. మరొక్కసారి వెతికాను. ఆట మళ్ళీ తయారయ్యేదాకా నీలం గీత ఎడమనుంచి కుడికి పాకుతుంటే, మా బాసు కిటికీ దగ్గర నిలబడి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నట్టు నటించాడు. ఫోను తలకిందులుగా పట్టుకున్నాడు.

నాలుగు నలభైఏడుకు గార్డుగారు అదే తలుపు ముందున్నారు. మూడోసారి వేశారు. ఎనిమిది. చెయ్యి వచ్చింది. ఆయన దాన్ని చాలాసేపు చూశారు. తర్వాత, వద్దు.

పాచిక దొర్లింది. ఇంతకాలం ఎవరో ఒకరు గెలవాలని కోరుకుంటూ కూర్చున్నదాన్ని, ఆ క్షణాన ఏం కోరుకోవాలో తెలియక తెర వంక గుడ్లప్పగించి చూశాను. పందొమ్మిది ముఖం పైకి వచ్చింది, ఒరిగింది, ఆగింది. పద్నాలుగు.

గంట మోగింది. కాపలావాళ్ళు వచ్చారు. గార్డుగారి మనిషి ఇనుపతలుపుకు ఆనుకుని కూలిపోయాడు, తెర నల్లబడింది. ఆయన కాగితం మీద నాలుగో అడ్డగీత నెమ్మదిగా గీశారు.

"ఒక్కటి తక్కువ" అన్నారు. "ఆ చెయ్యి తీసుకోవాల్సింది. పొగరుకు పోయి చచ్చాను."

అని పకపకా నవ్వారు. నవ్వుతూనే పెన్సిలుతో సంతకం పెట్టబోతే బాసు పరిగెత్తుకొచ్చి పెన్ను అందించాడు. ఐదుకు ఇంకా తొమ్మిది నిమిషాలుంది. సంతకం కింద ఆయన ఒక వాక్యం రాశారు. ముళ్ళగోడ దగ్గర కోటు పరచనివ్వాలి, మూడు నెలల్లోగా. బాసు చదివి నా వైపు చూశాడు. నేను తలూపాను.

గార్డుగారు లేచి చెయ్యి చాపారు. కరచాలనం అనుకుని బాసు రెండు చేతులూ ముందుకు పెట్టాడు. ఆయన వాటిని పక్కకు నెట్టారు.

"నీతో కాదయ్యా. అమ్మాయ్, నా పాచిక ఇటియ్యి. అవసరానికి ఇచ్చానుగానీ నీకు రాసియ్యలేదు."

గుప్పిట తెరిచాను. మధ్యాహ్నం నుంచి పట్టుకునే ఉన్నాను, అరచేతిలో అంచుల ముద్రలు పడ్డాయి. ఆయన దాన్ని రుమాల్లో పెట్టి ముడేసి, జేబులో వేసుకుని, ఆదివారం మీ నాన్నను తీసుకురా, మా ఇంట్లో బల్ల పెద్దదే అన్నారు.