పక్కవాళ్ళ బోరు

ఆదివారం ఉదయం చిక్కమునియప్ప ఫర్హానాకు ఫోన్ చేశాడు. అతను బోరు లారీల ఏజెంటు. పక్క అపార్ట్‌మెంట్ వాళ్ళు బండి బుక్ చేశారని చెప్పాడు.

"మంగళవారం వస్తాదమ్మా. మీకంటే లోతుకు పోతామంటా ఉండారు. మీరూ బేగ చెప్తే ఒకే బండికి రెండు పనులూ అయిపోతాయి."

"వాళ్ళకి బండి పంపేది ఎవరు?"

"నేనే కదమ్మా."

"మాకు?"

"నేనే. వేరేవాళ్ళని పిలిస్తే నాకు బాధ కాదా?"

ఫర్హానా నవ్వలేదు. బెంగళూరు మారతహళ్ళిలో ఆమె ఉండే అపార్ట్‌మెంట్‌కూ పక్కదానికీ మధ్య ఒక గోడ. గోడకు ఇటొక బోరు, అటొక బోరు. కిందటి వేసవిలో రెండూ మొరాయించాయి. ట్యాంకర్ రాని రోజు ఆమె ఆఫీసు జిమ్‌లో స్నానం చేసి పనిలో కూర్చుంది. ఆ తర్వాత ఆమెను అసోసియేషన్ సెక్రటరీని చేశారు, ఇంకెవరూ ఒప్పుకోలేదు కనుక. ఇప్పుడు కొత్త బోరు వేయాలంటే సంతకం పెట్టాల్సింది ఆమే. పెడితే రెండు అపార్ట్‌మెంట్లూ ఒకే నీటి కోసం పోటీపడి లోతుకు పోతాయి, కింద ఉన్నది అయిపోయాక ఇద్దరికీ ట్యాంకరే గతి. పెట్టకపోతే ముందు ఎండేది తన బోరు.

సాయంత్రం కమిటీ కూర్చుంది. మూడో అంతస్తులో ఉండే కాత్యాయనిని కూడా ఫర్హానా పిలిచింది. ఆమె యలహంకలో ఒక కాలేజీలో అంతర్జాతీయ రాజకీయాలు చెబుతుంది. మాట్లాడే ముందు కాసేపు ఆగే అలవాటు ఆమెది.

"వాళ్ళ దురాశ చూశారా అండీ!" అన్నాడు కోశాధికారి భుజంగరావు. ఆయనది కాకినాడ. "మన నీళ్ళు లాగేసుకుందామని."

"దురాశ అక్కర్లేదండీ," అంది కాత్యాయని. "భయం చాలు."

"మేడం, ఇది బోర్డర్ కాదండీ, బోరు."

అందరూ నవ్వారు. కాత్యాయని కూడా నవ్వి, నవ్వులు ఆగేదాకా ఉంది.

"దేశాల పైన పోలీస్ స్టేషన్ లేదండీ. పక్కదేశం మనసులో ఏముందో తెలిసే దారీ లేదు. అందుకని దాని చేతిలో ఏముందో చూస్తారు. ఒకడు తన కాపలా కోసం తుపాకీ కొంటాడు. పక్కవాడు అది తనమీదికే అనుకుని రెండు కొంటాడు. యుద్ధం కావాలని ఇద్దరూ అనుకోలేదు. కానీ ఇద్దరూ దాని దగ్గరికే నడుస్తారు."

"మనకి పైన గవర్నమెంట్ ఉంది కదండీ?"

"పర్మిషన్ ఇద్దరికీ వస్తుంది. కింద ఎవరెంత తోడుతున్నారో రోజూ వచ్చి చూసేదెవరు?"

భుజంగరావు కుర్చీలో సర్దుకున్నాడు. "అయితే వాళ్ళతో మంచిగా ఉండమంటారు."

"అనను. ఎదుటివాడి మంచితనం మీద లెక్క వేయొద్దనే పాఠమే నేను చెప్పేది. వాళ్ళు మనలో ఏం చూసి భయపడ్డారో అది కనుక్కుందాం."

ఫర్హానాకు ఆ మాట నచ్చింది. ఆఫీసులో నమ్మకం గురించి నెలకో ప్రెజెంటేషన్ చూస్తుంది ఆమె. ఎవరినీ మారమని అడగకుండా మాట్లాడే మనిషిని చూడటం ఇదే మొదలు. సంతకానికి ఒక్కరోజు గడువివ్వమని కమిటీని అడిగి, మీటింగు ముగియగానే కాత్యాయనిని వెంటబెట్టుకుని గోడ అవతలికి వెళ్ళింది.

పక్క అపార్ట్‌మెంట్ సెక్రటరీ రాజగోపాల్. వాళ్ళ తాత హిందూపురం నుంచి బెంగళూరు వచ్చాడు. ముగ్గురికీ టీ వచ్చేదాకా ఆయన ట్రాఫిక్ గురించి మాట్లాడాడు. కాత్యాయని సూటిగా అడిగింది.

"మాకంటే లోతుకు పోతామన్నారట. మేం కొత్త బోరు వేస్తున్నామని మీకెందుకు అనిపించిందండీ?"

"అనిపించేదేముండాది? శుక్రవారం మీరు బోరు కాడ కొబ్బరికాయ కొట్టింది మా బాల్కనీల్లో నుంచి అందరూ చూసినారు. పసుపు, కుంకుమ, అగరొత్తులు. కొత్త బోరు లేకుండా ఎవరప్పా పూజ చేసేది?"

శుక్రవారం పాత మోటారే రిపేరై వచ్చింది. కొబ్బరికాయ కొట్టకుండా మోటారు లోపలికి దిగడానికి వీల్లేదని భుజంగరావు పట్టుబట్టాడు. ఫర్హానాయే సెల్‌ఫోన్‌లో ఫోటో కూడా తీసింది.

"అది పాత మోటారేనండీ. రిపేరుకి వెళ్ళొచ్చింది."

"అది మీరు చెప్పేది."

"నిజం చెప్తున్నా."

"ఉండొచ్చు. మీ తావులో ఉంటే నేనూ ఇట్లే చెప్తానమ్మా." ఆయన గొంతులో కోపం లేదు.

"ఆయన కరెక్టే, ఫర్హానా," అంది కాత్యాయని. "మాటకి ఖర్చు లేదు కదా. అబద్ధానికైనా అంతే."

ఫర్హానా ఆమె వైపు చూసింది. సాయం చేస్తుందని తీసుకొస్తే అవతలివాళ్ళ పక్షం మాట్లాడుతోంది. తర్వాత ఆ మాటే మళ్ళీ మనసులో అనుకుంది. మాటకి ఖర్చు లేదు. అయితే ఖర్చున్నది ఏదో కావాలి.

హ్యాండ్‌బ్యాగ్‌లోంచి గుత్తి తీసి, ఒక తాళంచెవి విడదీసి, టీ కప్పు పక్కన పెట్టింది. కమిటీని అడగలేదు. అడిగితే ఒప్పుకోరు.

"మా పంపు గదిది. ఎప్పుడైనా రండి. మాకు చెప్పక్కర్లేదు."

రాజగోపాల్ తాళంచెవిని ముట్టుకోలేదు. "నేను మోటారు ఆపేస్తే?"

"మా ట్యాంకు నిండదు, మాకు తెలుస్తుంది. అప్పుడు బండి మాకూ వస్తుంది."

కాత్యాయని కప్పు ఎత్తి టీ తాగింది. కప్పు వెనక ఆమె నవ్వుతోందని ఫర్హానాకు తెలిసింది.

రాజగోపాల్ అప్పుడే లేచి, టార్చి తీసుకుని వాళ్ళతో వచ్చాడు. తాళం తనే తీశాడు. గది ముందే ఆరుబయట ఉన్న బోరు చుట్టూ తిరిగాడు. కొత్తగా తవ్విన రాతిపొడి లేదు. బోరు మూతకు తుప్పు, తుప్పు మీద పసుపు. గదిలో స్టార్టర్ పెట్టె మీద మోటారు పవర్ చదివాడు. మోటారు ఎంతసేపు ఆడిందో చూపే మీటరు ముందు కూర్చుని ఫోటో తీసుకున్నాడు.

"పాతదే," అన్నాడు. తాళంచెవి జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం చిక్కమునియప్ప మళ్ళీ ఫోన్ చేశాడు.

"వాళ్ళు బండి నిలిపేసినారమ్మా. ఇప్పుడు మీరు ఏసుకుంటే మీదే పైచెయ్యి. మళ్ళీ ఇట్లా చాన్సు రాదు."

సంతకం కోసం ఆర్డరు కాగితం తెచ్చి, పక్కనే వింటున్న భుజంగరావు కూడా అదే అన్నాడు. "ఇదే అదనండీ. వాళ్ళు చల్లబడ్డారు, మనం కానిచ్చేద్దాం."

ఫర్హానా వెంటనే కాదనలేకపోయింది. వేసవి గుర్తొచ్చింది. తన ఫ్లాటు, తన లోను, ఖాళీ బకెట్లు. ఒక్క సంతకం చాలు.

"ఆయన దగ్గర మన తాళంచెవి ఉంది," అంది.

"తాళం మార్చేస్తే సరి."

"మార్చిన రోజే ఆయనకి తెలుస్తుంది. ఆ సాయంత్రమే బండి పిలుస్తారు. మనం ఎంత లోతుకి పోతే ఆయన అంతకంటే లోతుకి పోతారు. ఆపేదెవరండీ?"

భుజంగరావు ఆర్డరు కాగితం మడిచాడు. "ఆ మేడంగారు మీకు బాగానే ఎక్కించారండీ," అన్నాడు. కాగితం లోపల పెట్టాడు.

బుధవారం రాజగోపాల్ వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి ఒక తాళంచెవి చేతికిచ్చాడు.

"మాది. మా కమిటీలో గలాటా చేసినారు. అయినా ఇస్తా ఉండాను. మీది నేను చూస్తా, మాది మీరు చూడకుంటే రేపు మీకు భయమవుతాది. మీకు భయమైతే నాకు నిద్ర పట్టదు."

"లోపలికి రండి, టీ తాగుదాం."

"వద్దమ్మా. మీ మీటరు చూసి పోవాల."

వారం తర్వాత లిఫ్టులో కాత్యాయని కలిసింది. ఆమె భుజాన క్లాసు పుస్తకాల సంచి ఉంది.

"ఏమ్మా, రాజగోపాల్‌గారితో ఫ్రెండ్షిప్ కుదిరిందా?"

"లేదు మేడం. ఇప్పుడే వాళ్ళ పంపు గది చూసొస్తున్నా. నిన్న రాత్రి మోటారు మామూలుకంటే అరగంట ఎక్కువ ఆడించారు. వెళ్ళి అడిగాను."

"ఏమన్నారు?"

"మొన్న మనం ఇరవై నిమిషాలు ఎక్కువ ఆడించామన్నారు."

కాత్యాయని నవ్వడం మొదలుపెట్టి, మూడో అంతస్తు వచ్చినా ఆపలేదు. దిగాక లిఫ్టు తలుపు మూసుకోబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"రేపు మా కాలేజీకి రా, ఫర్హానా. నా పిల్లలకి ఈ క్లాసు నువ్వు చెప్పు."