మూడు బీకర్లు

ఆసుపత్రి వంటశాలలో ఆమెను అందరూ ఉప్పక్క అనేవారు. రెండు వందల మందికి సూప్ కాచినా ఉప్పు ఏనాడూ చెంచాతో కొలిచి ఎరగదు. గరిటెతో అరచేతిలో ఒక చుక్క వేసుకుని చిటికెన వేలితో నాలుకకు రాసుకుంటే చాలు, లెక్క తప్పేది కాదు. అలాంటి చేతికి ఇప్పుడు పని లేకుండా పోయే రోజొచ్చింది. నెలాఖరుకి వంటశాల మూసేసి, భోజనాలు బయటినుంచి తెప్పిస్తారట. ల్యాబ్‌లో సహాయకురాలి ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంది. అయితే అది కావాలంటే జీవశాస్త్రంలో మొదటి మెట్టు కోర్సు పాసవ్వాలి.

నలభై నాలుగేళ్ళకి పుస్తకం పట్టింది. ప్రాణుల గురించి చదువుదామని కూర్చుంటే మొదటి అధ్యాయమంతా పరమాణువులే, కొరకరాని కొయ్యలు. అసలు పరీక్ష ఎప్పుడో గానీ, ఇంట్లో అత్తగారు రోజూ పెట్టేది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని ప్రశ్న అడిగితే, కోడలు గిన్నెలు తోముతూ జవాబు చెప్పాలి. సోడియానికి చివర ఒక ఎలక్ట్రాన్ మిగులు, క్లోరిన్‌కి ఒకటి తక్కువ, అది ఇస్తుంది, ఇది పుచ్చుకుంటుంది, రెండూ అతుక్కుపోతే ఉప్పు అని చెప్పింది కోడలు. ఇచ్చే చేతికి పుచ్చుకునే చెయ్యి దొరికిందన్నమాట, ఈ మాత్రానికి ఇంత లావు పుస్తకమెందుకని అత్తగారు తీసిపారేసింది. ఆమ్లమో క్షారమో చెప్పే పిహెచ్‌లో అంకె ఒకటి మారితే పది రెట్ల తేడా అన్నప్పుడు మాత్రం ససేమిరా నమ్మలేదు. ఒకటంటే ఒకటే, పదెలా అవుతుందని గంటసేపు వాదించింది. ఆ వాదనలోనే కోడలికి పాఠం ఒంటబట్టింది.

ప్రాక్టికల్ పరీక్ష రోజు ఆమె బల్ల మీద మూడు బీకర్లు పెట్టారు. మూడింటిలోనూ రంగు లేని ద్రవమే, పైన ఒకటి, రెండు, మూడు అని అంకెలు. ఏది రక్తానికి సరిపడే ఉప్పునీళ్ళో చెప్పాలి. ఒక్కోదాంట్లోంచి చుక్క తీసి, గాజు పలక మీద రక్తపు చుక్కలో కలిపి, సూక్ష్మదర్శినిలో చూడాలి. ఉప్పు సరిగ్గా ఉంటే ఎర్రకణాలు గుండ్రంగా నిలుస్తాయి. ఉత్త నీళ్ళయితే ఆ నీరు కణంలోకి జొరబడి, అది ఉబ్బి పగిలిపోతుంది. ఇదంతా ఆమెకు కంఠతా వచ్చు. వచ్చిన చిక్కల్లా సూక్ష్మదర్శినితోనే. మర ఎటు తిప్పినా ఎర్రటి మసక తప్ప ఏమీ కనిపించలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు రాసేస్తున్నారు. గడియారంలో పది నిమిషాలే మిగిలాయి.

పరీక్షకురాలు అటు తిరిగి ఉంది. ఉప్పక్క చిటికెన వేలు రెండో బీకరులో ముంచి నాలుకకు రాసుకుంది. ఆలోచించి చేసిన పని కాదు, ఇరవై ఏళ్ళుగా అలవాటైన వేలు అది. ఉప్పే. ఇంకేం, కాగితం మీద రెండు అని రాసేసింది. ల్యాబ్‌లో ఏదీ నోట పెట్టకూడదనీ, పెడితే తప్పినట్టేననీ మొదటి క్లాసులోనే చెప్పారు. అప్పుడు, ఇవి ఎవరు తింటారమ్మా అని తనే నవ్వింది కూడా.

పరీక్షకురాలు వచ్చి, కణాలు ఎలా కనిపించాయని అడిగింది. ఉప్పక్క నీళ్ళు నమలలేదు, గుండ్రంగా ఉన్నాయండీ అని పుస్తకంలో మాట అప్పజెప్పింది. ఆవిడ టిక్కు పెట్టి పక్క బల్లకు వెళ్ళిపోయింది. ఉద్యోగం వచ్చేసినట్టే.

రెండో ప్రశ్న సులువు. అవే బీకర్లలో పిహెచ్ కాగితం ముంచి రంగు చూడాలి. మొదటిదానిలో కాగితం రంగు మారలేదు. రెండోదీ అంతే. మూడోదానిలో ముంచగానే చిక్కటి నీలమైపోయింది. పట్టికతో పోల్చి చూస్తే అంకె పదమూడు. వంటశాలలో జిడ్డుపట్టిన కాలువల్లో పోసే కాస్టిక్ సోడా లాంటిదన్నమాట. రెండో బీకరు మీదికి వేలు ఎందుకు వెళ్ళిందో ఆమెకే తెలియదు. దగ్గరగా ఉందని వెళ్ళిందంతే. మూడోది ఇంకో జానెడు దూరం.

ఎవరూ చూడలేదు. నోరు మూసుకుని ఇంటికి పోతే నెలాఖరుకి తెల్లకోటు వేసుకోవచ్చు. ఆ కోటు వేసుకున్నాక, రోజూ ముందర ఇలాంటి సీసాలే వందుంటాయి. కంగారు పుట్టిన మొదటి రోజున ఈ వేలు మళ్ళీ లేస్తుంది. ఆమెకు నిజంగా భయం వేసింది, పరీక్ష తప్పుతానన్న భయంకన్నా పెద్ద భయం. లేచి పరీక్షకురాలి దగ్గరికి నడిచింది.

"మేడం, నాకు కణాలు కనపడలేదు. నోట్లో వేసుకుని చూశాను."

ఆవిడ ఆమెను, నీలం కాగితాన్ని మార్చి మార్చి చూసింది. నోరు పుక్కిలించి రమ్మంది. వచ్చాక టిక్కు కొట్టేసి, తప్పినట్టు రాసి సంతకం పెట్టించుకుంది. మళ్ళీ పరీక్ష ఆరు నెలలకే అంది. అందరూ వెళ్ళాక మాత్రం పక్కన కూర్చుని సూక్ష్మదర్శినిని కిందినుంచి మెల్లగా సరిచేసి చూపించింది. రెండో బీకరు పలక మీద కణాలు చిన్న చిన్న గుండీల్లా గుండ్రంగా ఉన్నాయి. మొదటిదాని మీద ఒక్కటీ మిగల్లేదు. ఉప్పక్క చాలాసేపు చూసింది, చూస్తుంటే ఏడుపొచ్చింది.

ఇంట్లో అత్తగారు గుమ్మంలోనే ఎదురొచ్చి పాసయ్యావా అంది. లేదని జరిగిందంతా చెప్పింది కోడలు. అత్తగారికి అరికాలి మంట నెత్తికెక్కింది. చేతికొచ్చినదాన్ని నేలపాలు చేశావు, ఎవరడిగారే నిన్ను, అయిదుగురు తినే ఇంట్లో ఈ ఆరు నెలలూ ఎలా గడవాలి అంటూ చెడామడా తిట్టింది. కోడలు నాలుగిళ్ళలో వంట చేసయినా నెట్టుకొస్తానంది.

ముసలామె కాస్త చల్లబడి, ఆ మూడోదాంట్లో వేలు పెట్టుంటే ఏమయ్యేదని అడిగింది.

"నోరు కాలిపోయేది అత్తయ్యా. గొంతు కూడా."

అత్తగారు లేచి వెళ్ళి కంచంలో అన్నం పెట్టి తెచ్చి, కోడలి ముందు కూర్చుంది.

"నీ గొంతు పోయుంటే, ఈ ఇంట్లో నాతో పోట్లాడేదెవరే?"