సముద్రం మీద కుంకిన పొద్దు

నారిచ్ పట్నంలో బొమ్మల ప్రదర్శన పెట్టారని విని, అమోస్ ఇంగ్లండు తూర్పున ఉన్న సఫోక్ తీరం నుంచి ఇరవై మైళ్లు నడిచి వచ్చాడు. కిందటి చలికాలం హెర్రింగ్ చేపల వేటకెళ్లిన కొడుకు లూక్ తిరిగి రాలేదు. శవమైనా దొరకలేదు. అంతకు ముందు వేసవిలో పెల్హమ్ అనే చిత్రకారుడు మూడు సాయంత్రాలు వాణ్ణి పడవ పక్కన నిలబెట్టి బొమ్మ వేసుకున్నాడు. వాడి ముఖం ఇక ఈ భూమ్మీద ఉంటే ఈ ప్రదర్శనకొచ్చిన ఆ బొమ్మలోనే ఉండాలి.

బొమ్మ గోడంత ఉంది. సముద్రం మీద ఎర్రటి సూర్యుడు కుంకుతున్నాడు. నీళ్లన్నీ బంగారం. ఒడ్డున పడవ, పక్కన ఓ నల్లటి ఆకారం. కళ్లు లేవు, ముక్కు లేదు.

అమోస్ బొమ్మ పక్కన నిలబడ్డ పెల్హమ్ వైపు తిరిగాడు.

"ఏటి దొరా ఇది? నా గుంటడేడీ?"

"అదుగో, పడవ పక్కన," అన్నాడు పెల్హమ్.

"అది మనిషా, బొగ్గు మూటా? మా రేవులో సముద్రం మీద పొద్దు పొడుస్తాది గానీ ఏనాడైనా కుంకిందేటి? ఊరి వెనక కుంకుతాది. ఆ ఎండంతా ఆడి మొఖాన్నే పడింది. నేనక్కడే ఉన్నాను గదా!"

"నిజమేనయ్యా. ముఖం కూడా వేశాను, చక్కగా కుదిరింది. కానీ కొనేవాళ్లకి నీళ్ల మీద అస్తమయం కావాలి. సూర్యుణ్ణి అటు జరిపాక వెలుగు వాడి వెనక పడింది, ముఖాన్ని నీడతో కప్పక తప్పలేదు."

"అబ్బ, ఆ చీకటి ఎంత గంభీరంగా ఉందో!" అంది పక్కనున్న దొరసాని, విసనకర్ర ఊపుకుంటూ.

అమోస్ దగ్గరికెళ్లి ఆ నలుపు వాసన చూశాడు. తారు. తను ఏళ్ల తరబడి పడవలకి పూసిన తారే ఆ రంగులో కలిసింది. వేడికి మెత్తబడుతుందని ఆయనకి తెలుసు; గదంతా జనంతో ఉక్కగా ఉంది. బొటనవేలి గోరుతో మెల్లిగా గీకాడు. బఠాణీ గింజంత మేర నలుపు లేచి, కింద ఎర్రటి చెంప కనబడింది.

"పట్టుకోండి వాణ్ణి!" అని అరిచాడు పెల్హమ్.

ఇద్దరు బంట్రోతులు రెక్కలు పట్టుకున్నారు. అమోస్ పెనుగులాడలేదు. ఆ చెంపనే చూస్తున్నాడు.

"ఇంకొక్క పిసరు, దొరా. కళ్ల దాకా గీకనియ్యి. తరవాత ఎంత నలుపైనా పూసుకో."

"పిచ్చా నీకు? ఇది అమ్ముడైపోయిన బొమ్మ."

పెల్హమ్ కుంచె తెప్పించాడు. నలుపులో ముంచి, ఆ చెంప మీద ఒక్క చుక్క పెట్టాడు. రెండడుగులు వెనక్కి జరిగి, తల పక్కకి వాల్చి చూసుకుని, "హమ్మయ్య, కలిసిపోయింది," అన్నాడు.

"మూడు రోజులు ఆడు పట్టిన చేపలే తిన్నావు గదరా!" అన్నాడు అమోస్.

నిగనిగలాడే ఆ నేల మీద కాండ్రించి ఉమ్మి, రెక్కలు విదిలించుకుని బయటికి నడిచాడు.