ట్రాకే గదా!

"ట్రాకే గదా, పాడెయ్. నీ వంటకేం ఆలస్యం గాదు," అన్నాడు మా ఆయన సురేందర్. నేనప్పుడు చింతచిగురు నలుపుతున్నాను. ట్రాకంటే, అసలు గాయని విని నేర్చుకోవడానికి ముందుగా ఎవరో ఒకరు పాడిపెట్టే పాట. ఆమె వచ్చి పాడాక దాన్ని చెరిపేస్తారు. ఇంటిపనికి ఇంత దగ్గరగా ఉండే సంగీతం ఇంకోటి ఉండదనిపించి ఒప్పుకున్నాను.

మా ఆయన సూర్యాపేట హైస్కూల్లో తెలుగు సారు. స్త్రీ స్వేచ్ఛ మీద పాటలు రాస్తాడు. మంచినీళ్లు ఏ బిందెలో ఉంటాయో తెలియదు గానీ, మహిళ కన్నీళ్లు ఎక్కడుంటాయో ఆయనకు బాగా తెలుసు. రెండువేల తొమ్మిదిలో ఆ పాటలతో 'గొంతెత్తు చెల్లెలా' అని సీడీ తీద్దామనుకున్నాడు. కోదాడలో స్టూడియో ఉన్న రాజారత్నంగారికి జాజ్ సంగీతమంటే పిచ్చి. గదినిండా బాకాలు మోగుతుంటే వాటి మధ్య ఒక ఆడగొంతు తీరిగ్గా నడిచి రావాలని ఆయన కోరిక. అంత పెద్ద ఆర్కెస్ట్రా ఎక్కడ దొరుకుతుంది? సూర్యాపేటలో ఫకీరా సాబ్ పెళ్లి బ్యాండు ఉంది. ట్రంపెట్లు, క్లారినెట్లు, డ్రమ్ములు, రెండు శాక్సాఫోన్లు. వాళ్లందరూ స్టూడియోలో పట్టక, ఒక శాక్సాఫోనాయన బాత్రూం గుమ్మంలో నిలబడి వాయించాడు.

"తాళం మీద పడిపోకండి నాగమణిగారూ," అన్నారు రాజారత్నంగారు. "వాళ్లు ముందెళ్తుంటారు. మీరు కంగారు లేకుండా ఒకడుగు వెనకాల రండి. చివర్లో కలిస్తే చాలు." పెళ్లయినప్పటినుంచి బస్టాండ్లలో బ్యాగులు మోస్తూ నేను నడుస్తున్న నడకే అది. దానికి జాజ్ అనే పేరుందని తెలియదంతే. కళ్లు మూసుకుని పాడాను. ఉమెన్స్ కాలేజీ స్టేజీ దిగాక నా గొంతు అంత దూరం పోవడం అదే మొదలు. పాట అయిపోయాక ఫకీరా సాబ్ క్లారినెట్ ఒళ్లో పెట్టుకుని, "బేటీ, నువ్వు గిట్ల పాడుతుంటే మావోళ్లు ఊదుడు మర్శిపోతున్రు. జర రహమ్ సెయ్యి," అన్నాడు. బాత్రూం గుమ్మంలోంచి కూడా చప్పట్లు వినిపించాయి. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చారులో ఉప్పు రెండుసార్లు వేశాను. మా అత్తమ్మ నర్సమ్మ ఒక ముద్ద తిని, "ఏడికో పోయినవే నువ్వు," అంది. నిజమే, పోయాను. ఎవరికీ చెప్పలేదు.

సీడీ ఇంటికొచ్చిన రోజు నేను బట్టలు మడతపెడుతున్నాను. అట్ట మీద హైదరాబాద్ గాయని త్రివేణి ఫొటో. గానం: త్రివేణి. మా ఆయన ప్లేయర్లో వేశాడు. బాకాలు లేచాయి, వాటి వెనకాలే తీరిగ్గా నేను వచ్చాను. చేతిలో ఆయన బనియను అలాగే ఉండిపోయింది.

"చెరిపేయలేదా?"

"ఆమెకు బ్యాండుతోని కుదరలే. తాళం మీదనే ఉరుకుతది. నీది మంచిగనే ఉందని ఉంచినం," అన్నాడు, నాకేదో బహుమానం ఇచ్చినట్టు.

"మరి పేరు?"

"పేరుదేముందే? నీ పేరేస్తే ఎవలు కొంటరు? ఇంటిమనిషివి, గింత గూడ అర్థం జేసుకోకపోతె ఎట్ల?" అని ఆగి, అసలు పని చెప్పాడు. "ఆదివారం మిర్యాలగూడల ఆవిష్కరణ. బ్యాండు స్టేజీ మీదనే వాయిస్తది. త్రివేణి ముందట నిలవడి పెదాలు కదిలిస్తది. నువ్వు తెర ఎనక కుర్సీల కూసొని పాడు. ఎవలకూ కనవడవు, పరేషాన్ గాకు."

కనబడతానేమోనని నేను భయపడుతున్నానని ఆయన నిజంగానే అనుకున్నాడు. మోసం కన్నా ఆ ధైర్యం చెప్పడమే నన్ను ఎక్కువ కోసింది. మా ఇంట్లో నేనేమీ అనకపోతే సరేనన్నట్టు. బనియను మడిచి బీరువాలో పెట్టాను.

ఆదివారం ఫంక్షన్ హాలు నిండిపోయింది. ఎర్రకోట్ల బ్యాండు స్టేజీ నిండా నిలబడింది. ముందు మైకు దగ్గర త్రివేణి. మా ఆయన స్త్రీ గొంతు గురించి చాలాసేపు మాట్లాడాడు. ఆ మాటల మధ్యలో నేను తెర వెనక కుర్చీలోంచి లేచి, మైకు కుర్చీలో పెట్టి, పక్క తలుపులోంచి వచ్చి ముందువరుసలో అత్తమ్మ పక్కన కూర్చున్నాను.

బ్యాండు మొదలైంది. పెళ్లి బ్యాండుకొక పద్ధతుంది. పెళ్లికొడుకు కారు దిగేదాకా మొదటి ముక్కనే తిప్పి తిప్పి వాయిస్తారు గానీ ముందుకు పోరు. పాట అందుకోవలసిన చోట గొంతు రాలేదు. త్రివేణి నోరు తెరిచి, మూసి, జనాన్ని చూసి నవ్వింది. బ్యాండు మళ్లీ మొదటికి పోయింది. మళ్లీ గొంతు రాలేదు. క్లారినెట్ నోట్లోంచి తీయకుండానే ఫకీరా సాబ్ హాలంతా వెతికి నన్ను చూశాడు. ఒక్క క్షణం ఆగి, మొత్తం బ్యాండును నావైపు తిప్పాడు. బాకాలన్నీ నాకేసి మోగుతుంటే హాలంతా తలలు తిప్పి చూసింది. తెర పక్కనుంచి మా ఆయన నేను కుర్చీలో వదిలిన మైకు పట్టుకుని బయటికొచ్చాడు. చెమటలు. నాకేసి పైకి రమ్మని చెయ్యి ఊపాడు, కోడిని అదిలించినట్టు.

అత్తమ్మ మోచేత్తో పొడిచింది. "పోవే, పాడు. నలుగుట్ల వాని ఇజ్జత్ పోతది."

"పాడతా అత్తమ్మా," అన్నాను కొంగు సర్దుకుంటూ. "మైకు ఆయన చేతులనే ఉంది గదా. నాగమణీ అని ఒక్కసారి పిలవమనున్రి."

బ్యాండు మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది.