ముక్కుసూటిగారి అభిమానులు

ఆ ఇంట్లో రచయిత్రి అంటే పెద్దకోడలే. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే మిషనుకు ఫోను ఆనించి పెట్టుకుని, బాబిన్‌కు దారం చుట్టుకునేలోపు రెండు వాక్యాలు, గుండీల పని మొదలుపెట్టే ముందు నాలుగు వాక్యాలు టైపు చేసి, కథలు చదివే యాప్ ఒకదానిలో సీరియల్ నడుపుతోంది. ప్రతి భాగం కిందా "సూపర్ అక్కా", "తర్వాతి భాగం త్వరగా పెట్టండి సిస్టర్" అంటూ వ్యాఖ్యలు బారులు తీరేవి. అవి ఊరికే రాలేదు. రాసేవాళ్ళంతా ఒక గ్రూపు పెట్టుకుని, నా కథకు నువ్వు రాయి, నీ కథకు నేను రాస్తా అని మాట అనుకున్నారు. చదవాలన్న నియమం మాత్రం లేదు. పెద్దకోడలు పొయ్యి మీద పాలు పొంగేలోపు గ్రూపులో అందరికీ "అద్భుతం" పంచేసి వచ్చేది.

ఈ సంగతి అత్తగారికి తెలియదు. గడప తొక్కిన ప్రతివాళ్ళతోనూ, "మా పెద్దది కథలు రాస్తుంది. దాని కోసం జనం పడిగాపులు పడతారు," అనేది. ఆ ఒక్క మాట చెవిన పడితే చాలు, పెద్దకోడలికి నడుంనొప్పి తెలిసేది కాదు.

చిన్నకోడలు పార్సిల్ ఆఫీసులో పని చేస్తుంది. చిరునామా దొరక్క తిరిగొచ్చిన పార్సిళ్ళుండే గది ఆమెది. నోట్లో నాలుక లేని మనిషి. ఒకరోజు భోజనాల దగ్గర, "అక్కా, నేనూ ఒకటి రాశాను. నవ్వరు కదా?" అంది.

"నవ్వడమెందుకే? పెట్టు. చదివేవాళ్ళు చదువుతారు," అంది పెద్దకోడలు ధారాళంగా. గ్రూపు సంగతి మాత్రం ఎత్తలేదు.

చిన్నకోడలు రాసింది ఎవరూ రాని పార్సిళ్ళ గదిలో ఒంటరిగా పనిచేసే ఒక ఆడమనిషి కథ. అందులో కోటీశ్వరుడు లేడు, పెళ్ళిపీటల మీంచి పారిపోయిన పెళ్ళికూతురూ లేదు. మొదట్లో ఎవరూ తొంగి చూడలేదు. తర్వాత ఎవరో పెద్దాయన, పోయిన భార్య పేరు మీద వచ్చిన పార్సిల్‌ను తాను ఇప్పటికీ విప్పలేదని ఇంత పొడుగున రాశాడు. దాని కింద ఇంకొకరు తమ సంగతి రాశారు. చూస్తూండగానే ఆ కథ కింద ఒక సంత వెలిసింది. "సూపర్" అన్నవాళ్ళు ఒక్కరూ లేరు. అందరూ నిజంగా చదివినవాళ్ళే.

అత్తగారి మాట కూడా మెల్లగా మారింది. "మా పెద్దది" అన్నది "మా కోడళ్ళు" అయింది. ఆ తర్వాత "మా చిన్నది" అయి కూర్చుంది.

"వదినా, ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు చూడు..." అని మరిది నవ్వబోయాడు.

"నోరు మూసుకుని తిను. కొమ్ములున్నవాళ్ళు గడ్డి కూడా తింటారు," అంది పెద్దకోడలు.

కడుపులో మంట మాత్రం ఆరలేదు. మర్నాడు కత్తిరింపుల బల్ల దగ్గర కూర్చుని, ముక్కుసూటి అనే పేరుతో ఇంకో ఖాతా తెరిచింది. చిన్నకోడలి కథలో రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. రెండో భాగంలో దొరికింది ఒకటి. "పొద్దున గాజుపెంకు గుచ్చుకుని చెయ్యి తెగిన మనిషి, సాయంత్రం అదే చేత్తో దుప్పట్లు పిండిందట. కట్టు ఏమైందమ్మా, కాకెత్తుకుపోయిందా? రాయడం చేతకాకపోతే పార్సిళ్ళే అంటించుకో." రాసి, హాయిగా ఊపిరి పీల్చుకుంది.

రెండు రోజులు చిన్నకోడలు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మూడోనాడు ఆ భాగం దిద్ది పెట్టింది. కథలోని మనిషి ఒంటిచేత్తో, పళ్ళతో దుప్పటి అంచు పట్టుకుని పిండుతుంది ఇప్పుడు. కింద "ముక్కుసూటిగారికి కృతజ్ఞతలు" అని ఒక ముక్క. ఆ దిద్దిన చోటు చదివి జనం ఆహా ఓహో అన్నారు.

పెద్దకోడలికి ఒళ్ళు భగ్గుమంది. ఈసారి ఇంకా పెద్ద తప్పు పట్టాలి. పట్టాలంటే చదవాలి. ఒకసారి చదివితే దొరకదు, మళ్ళీ మళ్ళీ చదవాలి. ఫలానా చోట ఆ మనిషి అంత తొందరగా క్షమించకూడదంది. ఫలానా చోట మాట ఎక్కువైంది, కుట్టు పైకి కనిపిస్తోందంది. అన్నదల్లా చిన్నకోడలు కళ్ళకద్దుకుని దిద్దుకుంది. కథ అంతకంతకూ పదునెక్కింది. మంట పెట్టబోతే దీపం వెలిగినట్టయింది పని.

ఇంకో చిత్రం జరిగింది. ముక్కుసూటి ఏమంటుందా అని ఎదురుచూసేవాళ్ళు తయారయ్యారు. ఒక్క కథయినా రాయని ఆ ఖాతాను అనుసరించేవాళ్ళు, పెద్దకోడలిని అనుసరించేవాళ్ళను దాటిపోయారు. ఇప్పుడు ఆమెకు తోడికోడలి మీదే కాదు, ముక్కుసూటి మీదా ఏడుపే.

చివరి భాగం వచ్చిన రోజు సెలవు. చిన్నకోడలు హాల్లో కూర్చుని అత్తగారికి చదివి వినిపించింది. ఆఖరున, "ఈ కథ ముక్కుసూటిగారికి. మీరు లేకపోతే ఇది లేదు," అని ఉంది.

"ఎవరో మహానుభావుడు! మన పిల్లని ఇంతదాన్ని చేశాడు," అంది అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ.

పెద్దకోడలు కత్తెర ఠక్కున కింద పెట్టింది. "మహానుభావుడూ లేడు, మట్టిగడ్డా లేదు. ఆ ముక్కుసూటిని నేనే."

చిన్నకోడలు నవ్వేసింది. "ఊరుకోండక్కా! మీరు నా కథ చదివితేగా!"

ఆ నవ్వు సూదిలా దిగింది. పెద్దకోడలు ఫోనులో ఆ ఖాతా తెరిచి ఆమె చేతిలో పెట్టేసింది. పెట్టాక గానీ, అందులో మొదటి వ్యాఖ్య కూడా ఉందన్న సంగతి తట్టలేదు. అప్పటికే చిన్నకోడలి వేలు అడుక్కంటా వెళ్ళిపోయింది.

"ఇది చదివి నాకు అన్నం సహించలేదక్కా. ఇక రాయకూడదనుకున్నాను."

"అనుకుంటావనే రాశాను."

"హవ్వ!" అని అత్తగారు నోటి మీద చెయ్యేసుకుంది.

"మరి తర్వాతవన్నీ?"

"తర్వాతేముంది... చదవకుండా వంక పెట్టడం కుదరదుగా. చదివాను. బాగున్నకొద్దీ ఇంకా మంట," అంది పెద్దకోడలు గోడ వైపు చూస్తూ.

చిన్నకోడలు ఆ ఫోను తిరిగి ఇచ్చేసింది. కోపంతో ముఖం కందింది గానీ గొంతు లేవలేదు.

"నేనూ ఒకటి చెప్పేస్తానక్కా. మీ సీరియల్ నేను చదవలేదు. మొదటి భాగం సగంలో ఆపేశాను. అందరూ పెడుతున్నారు కదా అని ప్రతిదానికీ 'చాలా బాగుంది అక్కా' అని పెట్టుకుంటూ పోయాను."

దెబ్బకు దెబ్బ సరిపోయిందనుకోవడానికి లేదు. పెద్దకోడలికి ఇదే గట్టిగా తగిలింది.

"ఇప్పుడు చదువుతాను. మీరు నాది చదివినట్టే చదువుతాను," అని చిన్నకోడలు తన ఫోను తీసి, కాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

పెద్దకోడలు మిషను దగ్గరికి వెళ్ళలేదు. నిలబడి ఆ బొటనవేలినే చూస్తోంది. అది తొందరగా జారితే గుండె గుభేలుమంటోంది, నెమ్మదిస్తే ఇంకా గుభేలుమంటోంది. ఒకచోట అది ఆగిపోయింది. చిన్నకోడలి కనుబొమలు ముడిపడ్డాయి.

చిన్నకోడలి కథలో ఏ భాగంలో ఏ వాక్యం ఉందో పెద్దకోడలు కళ్ళు మూసుకుని అప్పజెప్పగలదు. తన కథలో అక్కడ ఏం రాసిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.