ఆలిడా చైను

నా భార్య ఆలిడా చేత్తో మైనం పట్టించిన ఆఖరి సైకిల్ చైనును ఆమె తమ్ముడు ఫిర్మిన్ పాత ఇనుములో పడేశాడు. ఇందులో రెండో మాటకు చోటు లేదు. పొరపాటు అన్నది అతని మాట. పడేసింది అతని చెయ్యి.

బెల్జియం దేశపు ఫ్లాండర్స్‌లో మా ఊరి జనం ఆదివారం పొద్దున రెండు రకాలు. చర్చికి వెళ్లేవాళ్లు, సైకిలెక్కేవాళ్లు. ఆలిడా మొదటి రకం, నేను రెండో రకం. గుట్ట మీద చిన్న చర్చి ఉంది. దాన్ని ఊడ్చి తుడిచే పని ఆలిడాది. అక్కడ కాలగా మిగిలిన కొవ్వొత్తి ముక్కలు ఇంటికి తెచ్చేది. ఫాదర్‌కు తెలుసు, తెలియనట్టు ఉండేవాడు. ఆయన చేసిన పనుల్లో నాకు నచ్చింది అదొక్కటే.

శనివారం ఆ ముక్కల్ని పాత పాలగిన్నెలో కరిగించేది. నా రేసు సైకిల్ చైనును అందులో ముంచి, ఫోర్కుతో పైకి తీసి, సింక్ పైన మేకుకు తగిలించి ఆరబెట్టేది. నూనె పూసిన చైనుకు దుమ్ము అంటుకుంటుంది. మైనం పట్టిన చైను శుభ్రంగా, చప్పుడు లేకుండా తిరుగుతుంది. కాకపోతే నా సైకిల్‌కు ఎప్పుడూ చావు ప్రార్థన వాసన వేసేది. నేను వెనక నుంచి వస్తుంటే సైకిల్ క్లబ్బులో వాళ్లు, "వాలేర్ వస్తున్నాడు, టోపీలు తియ్యండిరా, శవపేటిక వెనకాలే ఉంటుంది" అనేవాళ్లు.

శవపేటిక నిరుడు ఆకులు రాలే రోజుల్లో వచ్చింది, ఆలిడా కోసం. ఆ తర్వాత ఆ మాట ఎవరూ అనలేదు. అంటేనే బాగుండేది.

ఆమె చివరిసారి ముంచిన చైను సైకిల్ మీదే ఉండిపోయింది. నేను దాన్ని విప్పలేదు. మైనం పట్టించలేదు, నూనె వెయ్యలేదు. చలికాలం వానలకు మైనమంతా పోయింది. ఎండలు వచ్చేసరికి చైను పెళ్లిలో తాగిన ముసలమ్మలా పాట అందుకుంది. తర్వాత జారడం మొదలుపెట్టింది. గుట్ట ఎక్కుతూ పెడల్ మీద బరువు వేస్తే టక్కున జారి నా మోకాలును హ్యాండిల్‌కు కొట్టేది.

మా క్లబ్బులో రెండు గుంపులు. మొదటిది సైకిల్ తొక్కుతుంది. రెండోది దారిలో పాన్‌కేకుల కొట్టు దగ్గర ఆగి, ఆ తీపి అట్లు తిని, మోకాళ్ల గురించి మాట్లాడుకుని, మనవల ఫోటోలు చూపించుకుని ఇంటికి పోతుంది. గుట్ట మీద వరసగా రెండు ఆదివారాలు వెనకబడినవాడు రెండో గుంపులోకి పోవాలి. మొదటి ఆదివారం నేను చర్చి దగ్గరికి చేరేసరికి మిగతావాళ్ల చెమట ఆరిపోయింది.

"పెద్దాయనా, మీ సైకిల్ ఏడుస్తోందండీ" అన్నాడు మందుల షాపు రుట్‌గర్. అతనివి బ్యాటరీ గేర్లు. బటన్ నొక్కితే మారతాయి.

"దానికి ఏడవడానికి కారణం ఉంది. నీదాన్ని ఏడిపించాలంటే ముందు చార్జింగ్ పెట్టాలి."

ఫిర్మిన్ మా క్లబ్బు కెప్టెన్. నన్ను పక్కకు పిలిచాడు. "బావా, సామాను మార్చు. చైను, పళ్ల చక్రాలు, మొత్తం. వచ్చే ఆదివారం కూడా ఇలాగే అయితే నిన్ను పాన్‌కేకుల్లోకి పంపాలి. నాకు తప్పదు."

"ఎవడు పెట్టాడా రూలు?"

"నువ్వే."

నిజమే. అప్పుడు నాకు నలభై కూడా లేవు.

సోమవారం సైకిళ్లు బాగుచేసే లూట్ షాపుకు వెళ్లాను. లూట్ పొట్టి మనిషి. గట్టి చేతులు, గట్టి గొంతు. చైను మీద కొలత ముక్క పెట్టింది. అది ఆగాల్సిన చోట ఆగకుండా లోపలికి దిగబడిపోయింది.

"వాలేర్ గారూ, ఇది చైను కాదు, మెడలో హారం. ఎంత సాగిందో చూడండి. సాగిన చైను పళ్లను కూడా తినేసింది. చూశారా, సొరచేప నోరులా ఉన్నాయి. కొత్త చైను ఒక్కటే వేస్తే వీటి మీద నిలవదు. ముందు పళ్ల చక్రాలు, వెనక పళ్ల చక్రాలు, అన్నీ మార్చాలి."

"బ్యాటరీ కూడా అమ్మేస్తావు కాబోలు?"

"కొంటానంటే ఎందుకు అమ్మను? రుట్‌గర్‌కు అమ్మాను కదా. కానీ బటన్ వల్ల సుఖపడేది వేలు. మీ బాధ వేలిది కాదు. వెనకాల ఇంతకన్నా పెద్ద పళ్ల చక్రం వేయించుకోండి. గుట్ట మీద కాలు తేలిగ్గా తిరుగుతుంది."

"నా కాళ్లకేం రోగం?"

"డెబ్బై దాటాయి."

ఇంటికి వచ్చి ఆలోచించాను. చైను ఉంచితే పాన్‌కేకులు. చైను తీసేస్తే గుట్ట. పాన్‌కేకుల గుంపు చర్చి దాకా రాదు, కింద నుంచే తిరిగిపోతుంది. గుట్ట పైన చర్చి పక్కనే ఆలిడా ఉంది. ఆదివారం అక్కడ చెమటతో ఆగడం నాకు అలవాటు. కారులో పువ్వులు పట్టుకుని వెళ్లే రకం కాదు నేను.

మర్నాడు సైకిల్ లూట్‌కు అప్పగించాను. "పాత చైను నాకు తిరిగి కావాలి. పారేశావంటే నీ గుమ్మం మళ్లీ తొక్కను."

"తుప్పు పట్టిన చైనుతో ఏం చేస్తారండీ?"

"మేకుకు తగిలిస్తాను. సింక్ పైన."

లూట్ కొత్త సామాను బిగించింది. పాత చైనును కాగితం సంచిలో చుట్టి హ్యాండిల్‌కు కట్టింది. ఆమె పని ఆమె చేసింది.

శనివారం, "అటే వెళ్తున్నాను బావా, నీ సైకిల్ నేను తెస్తాలే" అన్నాడు ఫిర్మిన్. ఎందుకు వెళ్తున్నాడో నేను అడగలేదు. ఏటా ఆ శనివారం ఊరి బ్యాండు వాళ్లు ఇంటింటికీ తిరిగి పాత ఇనుము పోగు చేస్తారు. దాన్ని అమ్మి వాయిద్యాలు కొంటారు. ఫిర్మిన్ బ్యాండులో పెద్ద బాకా ఊదుతాడు. ఆ బాకాకు తగ్గ నోరే అతనిది. వ్యాన్‌లో తుప్పు గేట్లు, విరిగిన పొయ్యిలు, వాటి మధ్య నా సైకిల్. సంచి విప్పి చూశాడు. తుప్పు కనిపించింది. తుప్పును తుప్పులో కలిపాడు.

"చైను ఏది?" అన్నాను.

"కొత్తది సైకిల్‌కే ఉంది కదా బావా."

"పాతది."

అతని ముఖంలో రంగు పోయింది. "లోడు వెళ్లిపోయింది. బావా, నాకు తెలియదు. దానికి మైనం కూడా లేదు..."

"ఉండేది."

"మా అక్క ఉంటే ఆ చైనును ఎప్పుడో విసిరేసేది. నీకూ తెలుసు."

"ఆమె విసిరేస్తే అది వేరు. నువ్వు విసిరేశావు."

తలుపు వేశాను. సాయంత్రం వెనక గుమ్మం నుంచి వచ్చాడు. చేతిలో వాళ్ల ఇంటి మూకుడు, చంకలో కొవ్వొత్తులు. కొత్త చైనుకు మైనం పట్టిస్తాడట, అక్క పట్టించినట్టే. నేను వద్దనలేదు. అతనితో మాట్లాడితే కదా వద్దనేది. పాలగిన్నె వైపు చెయ్యి చాపినప్పుడు మాత్రం ఆ చెయ్యి వైపు చూశాను. వెనక్కి తీసుకున్నాడు.

ఆ కొవ్వొత్తులు వాళ్లావిడ స్నానాల గదిలో వెలిగించుకునేవట. వెనిలా వాసనవి.

ఆదివారం పొద్దున నేను గుంపులో కలవగానే రుట్‌గర్ ముక్కు ఎగబీల్చాడు. "అబ్బ! వాలేర్ గారు కేకు తెచ్చారర్రా!"

"పాన్‌కేకులు ఈయన దగ్గరికే వచ్చాయి" అన్నాడు ఇంకొకడు. నేను ముందుకు పోయాను.

గుట్ట మొదలైంది. రాళ్లు పరిచిన రోడ్డు, పళ్లు కదిలిపోయేంత కుదుపు. చైను జారలేదు. మోకాలు దేనికీ కొట్టుకోలేదు. కాలు తిరుగుతూనే ఉంది. రుట్‌గర్‌ను దాటాను. అతను బటన్ నొక్కుతూనే ఉన్నాడు, పాపం, అది నొక్కితే వయసు తగ్గుతుందేమో అన్నట్టు. చివరి మలుపులో ఫిర్మిన్‌నూ దాటాను. ఏ చప్పుడూ లేదు. వెనకాల అతని ఊపిరి ఒక్కటే, బాకాలో నీళ్లు చేరినట్టు.

చర్చి గోడ దగ్గర సైకిల్ ఆనించి నిలబడ్డాను. చెమట కారుతోంది. గోడ అవతల ఆలిడా. ఎన్నడూ లేనిది, ఆమె దగ్గరికి మిఠాయి కొట్టు వాసనతో వచ్చాను.

ఫిర్మిన్ వచ్చి సైకిల్ మీదే వంగి ఊపిరి పీల్చుకున్నాడు. అందరూ వింటున్నారు.

"చెప్పు బావా. మార్చడం మంచిదయిందా, లేదా? ఆ ఒక్క ముక్క చెప్పు."

నేను నీళ్ల సీసా తీసి తాగాను. మూత పెట్టాను. సైకిలెక్కి కిందికి దిగాను.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం అడుగుతున్నాడు. నేను ప్రతి ఆదివారం మొదటి గుంపులోనే వెళ్తున్నాను. బ్యాండు కొత్త డ్రమ్ము కొనుక్కుంది. ఊరేగింపు మా వీధిలోకి వస్తే కిటికీ మూసేస్తాను. మేకు ఖాళీగా ఉంది. జరిగింది చెప్పాను. మంచిదయిందా లేదా అన్నది ఫిర్మిన్‌కు చెప్పను, మీకూ చెప్పను. ఈ చైను మాట మళ్లీ నా నోట రాదు.