పొగ కాదు, ఆవిరి

మేడ్చల్‌లో ఒక మందుల కంపెనీలో విక్టర్ కెమిస్టు. శామీర్‌పేటలో ప్లాట్లు అమ్మే రవీందర్ అతనికి కాలేజీ నాటి దోస్తు. 2006 ఎండాకాలంలో రవీందర్ గోవా నుంచి చిటికెడు పొడి తెచ్చాడు. అది లోపలికి పోతే లేని రంగులూ, లేని మనుషులూ కనిపిస్తారట.

ఆదివారం మధ్యాహ్నం విక్టర్ చర్చి నుంచి నేరుగా రవీందర్ తోటకు వచ్చాడు. ఇద్దరూ అక్కడ దాన్ని సిగరెట్‌లో కూరి కాల్చారు. కాలిన ప్లాస్టిక్ వాసన. రెండో దమ్ముకే ఊపిరాడని దగ్గు వచ్చి సిగరెట్ అవతల పారేశారు, మిగిలిన పొడిని రవీందర్ దాచాడు. ఆకులు కాసేపు మెరిశాయి, అంతే.

"గింతేనా? మస్తు జెప్పిండ్రు గదరా," అన్నాడు రవీందర్.

విక్టర్ తన చదువు బయటికి తీశాడు. "నిప్పు తగిల్తే సగం సరుకు మాడిపోతది. మాడకుండ ఆవిరైతే మొత్తం లోపలికే పోతది. గొంతు గూడ మండది." దోస్తు అంత శ్రద్ధగా వింటుంటే అతనికి బాగుంది.

రెండు వారాలకు రవీందర్ పొడిని ఆవిరి చేసే, గాజు గొట్టమున్న చిన్న యంత్రం తోటకు తెప్పించాడు. విక్టర్ దాన్ని చేత్తో పక్కకు జరిపాడు.

"వద్దురా. పొగైతే దగ్గొచ్చి మనిషిని ఆపుతది. గీదాంట్ల ఆపేదేం లేదు."

"నువ్వే జెప్పినవ్, మళ్ల నువ్వే భయపెడ్తవ్. నువ్ తాగకు, చూస్కుంట కూసో."

యంత్రాన్ని లాక్కోవచ్చు, లేచి వెళ్లిపోవచ్చు. విక్టర్ రెండూ చేయలేదు, కూర్చున్నాడు.

తెల్లటి ఆవిరి చప్పుడు లేకుండా రవీందర్ లోపలికి పోయింది. దగ్గు రాలేదు. "ఏం గాలే," అంటూ వెంటనే మళ్లీ పీల్చాడు, ఆ వెంటనే మూడోసారి. అప్పుడు అతని చేయి గాలిలోనే ఆగిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ ఎదురుగా ఉన్న విక్టర్‌ను చూడటం లేదు. మెల్లగా లేచి, ఎవరికో "వస్తున్న" అని జవాబిస్తూ తోట చివరనున్న బావి వైపు నడిచాడు. విక్టర్ నడుము పట్టుకుని వేలాడినా ఈడ్చుకుంటూ పోయాడు. గట్టు మీద చొక్కా చిరిగి, ముక్క విక్టర్ చేతిలో మిగిలింది.

పక్క పొలం రైతు గండయ్య విక్టర్ కేకలు విని పరుగెత్తుకొచ్చి, తాడు పట్టుకుని బావిలోకి దిగి, రవీందర్‌ను పైకి తెచ్చాడు. ప్రాణం దక్కింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక మాత్రం రవీందర్ గోడ వైపు తిరిగి ఎవరితోనో గుసగుసగా మాట్లాడుతూనే ఉన్నాడు. నెల గడిచినా అదే.

ఒకరోజు చూడటానికి వెళ్లిన విక్టర్‌ను రవీందర్ భార్య సుచిత్ర గడపలోనే ఆపింది. "అంతకుముందు గూడ తాగిండ్రట గద, అన్నా. అప్పుడేం గాలే. గీసారి ఏం మారింది?"

తెలియదంటే సరిపోయేది. విక్టర్‌కు ఆ మాట నోటి దాకా వచ్చింది.

"పొగ కంటె ఆవిరి నయమని నేనే జెప్పిన," అన్నాడు.

ఆమె గడపకు అడ్డంగా చేయి పెట్టింది. "ఇగ మా ఇంటికి రాకు," అంది. తర్వాత చేయి తీసి, గొంతు తగ్గించి, "పోయే ముందు ఒక్కపారి లోపలికి పో. పొద్దుగాల్నించి నిన్నే పిలుస్తాండు," అంది.

విక్టర్ లోపలికి వెళ్లాడు. రవీందర్ గోడ వైపు నుంచి ఇటు తిరిగి నవ్వాడు. చాప మీద జరిగి చోటిచ్చాడు.

"వచ్చినవా? నీ గురించే అడుగుతాండ్రు."